కలల డైరీ, జంతువుల కార్డులు కలిపి ఇచ్చే కోర్సు: డైరీకి ఫుల్ మార్కులు, కార్డులకి మాత్రం కాదు

కలలు, జంతువులు, రోజూ కళ్ళ ముందు కనపడే చిన్న చిన్న సంకేతాలు, వీటిల్లోంచి మనకి కావాల్సిన దారి ఎలా వెతుక్కోవాలో నేర్పించే ఆన్‌లైన్ కోర్సు ఒకటి ఈ మధ్యే పూర్తి చేశానండి. పేరు రాయట్లేదు, ఎందుకంటే దాదాపు ఇదే ప్యాకేజీ వేరే వేరే పేర్లతో చాలామంది అమ్ముతున్నారు, ఒక డైరీ, ఒక కార్డుల సెట్టు, వినడానికి ఆడియోలు, వారానికోసారి అందరూ కలిసే లైవ్ కాల్. మీరు ఏది కొందామని చూస్తున్నా ఇందులో రాసింది పనికొస్తుందని రాస్తున్నా. ముందే ఒక మాట, నేను ఇవి నమ్మే మనిషినే. కలలో ఏమీ లేదు అంతా మెదడు చెత్త అనేవాళ్ళతో నాకు పేచీ ఉంది, కలలో పాము కనపడితే ఇది జరుగుతుంది అని టక్కున చెప్పేవాళ్ళతో ఇంకా పెద్ద పేచీ ఉంది.

అన్నిట్లోకీ డైరీ బాగుంది. చాలా బాగుంది. మామూలు నోట్‌బుక్కే, కానీ ఎడమ పేజీలో కల మాత్రమే రాయాలి, అర్థం రాయకూడదు. కుడి పేజీ ఆ రోజంతా ఖాళీగా వదిలేసి రాత్రి పడుకునే ముందు నింపాలి. కలని జరుగుతున్నట్టుగా రాయమంటారు, "వెళ్ళాను" అని కాదు "వెళ్తున్నాను" అని. మొదట్లో ఇదేం రూలు అనిపించింది గానీ అలా రాస్తుంటే మర్చిపోయిన ముక్కలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి, నిజంగా వస్తాయి. లేవగానే కదలకుండా, కళ్ళు తెరవకుండా, పడుకున్న వైపే ఉండి కలని ఒకసారి వెనక్కి తిప్పుకోమన్నారు, ఫోన్ ముట్టుకోవద్దన్నారు. ఇదొక్కటి పాటించినా చాలు, "నాకు కలలే రావు" అనేవాళ్ళకి కూడా గుర్తుండటం మొదలవుతుంది.

దీని వెనక ఉన్న సైన్స్ కూడా మొదటి ఆడియోలో తేలిగ్గా చెప్పారు. 1953లో షికాగో యూనివర్సిటీలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియల్ క్లైట్‌మన్ నిద్రలో కనుగుడ్లు గబగబా కదిలే దశని గుర్తించారు, దాన్నే రెమ్ నిద్ర అంటారు. ఆ దశలో లేపితే చాలామంది కల చెప్పగలరు. రాత్రంతా ఇది సుమారు 90 నిమిషాలకోసారి వస్తుంది, మొదటిసారి కొన్ని నిమిషాలే ఉంటుంది, తెల్లవారే కొద్దీ బాగా పొడుగవుతుంది. అందుకే అలారం పెట్టుకుని నిద్ర మధ్యలో తుంచేసుకునేవాళ్ళు పొడుగైన కలల్నే పోగొట్టుకుంటారు. నిద్ర సరిపోకపోతే ఏ డైరీ పని చెయ్యదని కోర్సు వాళ్ళు సూటిగా చెప్పారు, అది నాకు నచ్చింది.

ఒక కల గురించి చెప్తా. పోయిన మా నాన్న గేటు దగ్గర నిలబడి ఉన్నారు, చేతిలో తాళంచెవి, ఏమీ మాట్లాడట్లేదు. లేవగానే ఎవరికైనా తాళంచెవి మీదకే పోతుంది మనసు, ఏదో తెరవాలి, ఏదో అవకాశం అని. కానీ డైరీ రూలు ప్రకారం అర్థం జోలికి పోకుండా కనపడింది కనపడినట్టు రాస్తుంటే నాన్న చెప్పులు తడిసి ఉన్నాయని వచ్చింది, వాటి కింద నేల మీద తడి మరక కూడా. తాళంచెవి గురించి ఒక లైను రాశా, చెప్పుల గురించి అర పేజీ రాశా. రాత్రి కుడి పేజీ రాయడానికి కూర్చుంటే చేతికి ఒకటే వచ్చింది, వానలో తడిసి వచ్చిన ఆయన చెప్పుల్ని ప్రతిసారీ అమ్మే తుడిచి ఎండబెట్టేది అని. అప్పుడే అమ్మకి ఫోన్ చేశా. కల గురించి ఏమీ చెప్పలేదు, ఊరికే మాట్లాడా, చాలాసేపు మాట్లాడింది అమ్మ. ఏ కలల నిఘంటువు తిరగేసినా తడి చెప్పులంటే అమ్మకి ఫోన్ చెయ్యమని ఉండదు కదా. నా వరకు కలలోంచి దారి దొరకడం అంటే ఇదే, మిగతాది నాకు అక్కర్లేదు.

పాతకాలం వాళ్ళ గురించిన ఆడియో కూడా బాగుంది. గ్రీసులో ఎపిడారస్ అనే చోట వైద్య దేవుడు అస్క్లెపియస్ గుడికి జబ్బు మనుషులు వెళ్ళి అక్కడే ఒక హాల్లో నిద్రపోయేవాళ్ళు, కలలో దేవుడు వచ్చి వైద్యం చేస్తాడని, నయమైనవాళ్ళ కథలు రాళ్ళ మీద చెక్కించి పెట్టారు కూడా, వాటిల్లో పాములూ కుక్కలూ వచ్చి నాకితే తగ్గిందనే కథలున్నాయి. క్రీస్తు శకం 2వ శతాబ్దంలో ఆర్టెమిడోరస్ అనే ఆయన కలల మీద ఐదు భాగాల పుస్తకం రాశాడు, ఊళ్ళు తిరిగి, జాతరలకి వెళ్ళి, జనం దగ్గర కలలు పోగేశాడు. ఆయన పట్టుబట్టి చెప్పింది ఏంటంటే కల కన్న మనిషి ఎవరు, ఏం పని చేస్తాడు, వయసెంత, ఒంట్లో ఎలా ఉంది అని తెలుసుకోకుండా అర్థం చెప్పకూడదని. అదే కల ఒకడికి మంచిది, ఇంకొకడికి కాదు.

మరి ఇంత చక్కగా చెప్పినవాళ్ళు ఆ జంతువుల కార్డులు ఎందుకు పెట్టారో నాకు అర్థం కాలేదండి. బొమ్మలు అందంగా ఉన్నాయి, పేపర్ క్వాలిటీ బాగుంది, ఒప్పుకుంటా. కానీ ప్రతి జంతువుకీ వెనకాల ఒక అర్థం అచ్చేసి ఉంటుంది, ఏ కార్డు తీసినా "నీలో బయటపడని శక్తి ఉంది, నువ్వు ఇతరుల కోసం నీ అవసరాలు పక్కన పెడుతున్నావు, మార్పు దగ్గర్లో ఉంది" ఈ టైపులోనే ఉంటుంది. ఇది ఎవరికి చెప్పినా నాకే చెప్పారు అనుకుంటారు. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే సైకాలజిస్ట్ తన 39 మంది స్టూడెంట్లకి పరీక్ష పెట్టి, ఇది నీ ఒక్కడి కోసమే అని చెప్పి అందరికీ ఒకటే కాగితం ఇచ్చాడు, ఎంత కరెక్టుగా ఉందో 5కి మార్కులెయ్యమంటే సగటున 4.26 వేశారు. ఆ వాక్యాలు చాలావరకు జ్యోతిషం పుస్తకంలోంచి తీసినవి. మనసు దిగులుగా ఉన్నప్పుడు ఇలాంటి మాటలు వింటే హాయిగా ఉంటుంది, కాదనను, కానీ హాయి వేరు దారి దొరకడం వేరు.

లైవ్ కాల్‌లో ఒకావిడకి గుడ్లగూబ కార్డు వచ్చింది. వెనకాల జ్ఞానం అని రాసి ఉంది. ఆవిడ మొహం చూస్తే తెలిసిపోయింది, చిన్నప్పటి నుంచి గుడ్లగూబ అరిస్తే కీడు అని విని పెరిగిన మనిషి ఆవిడ. ఏథెన్స్ వాళ్ళకి అది ఎథీనా అనే జ్ఞాన దేవత పక్షి, నాణేల మీద కూడా వేసుకున్నారు, మరి ఇంకెంతమందికో అది చావు కబురు. ఆ రోజు కాల్ నడిపించినావిడ చేసిన పని నాకు చాలా నచ్చింది, ఆ కార్డు పక్కన పెట్టెయ్యమ్మా అని, "గుడ్లగూబని ఎప్పుడైనా దగ్గరగా చూశావా?" అని అడిగింది. ఆవిడ కాసేపు ఆలోచించి, చూశాను, హాస్టల్ మెట్ల మీద, రెక్క విరిగింది, నన్ను చూసి పారిపోలేదు, నేనే పారిపోయాను అంది. అక్కడి నుంచి ఆవిడ తన కొడుకు జబ్బు గురించి మాట్లాడటం మొదలుపెట్టింది, అందరం వింటూ ఉండిపోయాం. కార్డు చదివి ఊరుకుని ఉంటే ఆ మాటలేవీ బయటికి వచ్చేవి కావు.

జంతువుల భాగంలో మాత్రం ఒక ఎక్సర్‌సైజు బంగారం. ఏ ప్రాణి కనపడినా దాని అర్థం ఏంటని అనుకోకుండా పది నిమిషాలు ఊరికే చూడాలి, అది ఏం చేస్తుందో రాయాలి. నేను కిటికీ మూల సాలీడుని చూశా. ముందు చట్రంలా దారాలు వేసుకుంది, తర్వాత మధ్యలోంచి చుట్టూ తిరుగుతూ వెనక కాలితో ప్రతి దారాన్నీ పట్టి అంటిస్తూ వెళ్ళింది, ఒక చోట తెగితే అక్కడే ఆగి సరిచేసుకుని గానీ కదల్లేదు. ఇలా గుండ్రటి గూడు అల్లే సాలీళ్ళలో చాలావాటికి పాత గూడుని తినేసి ఆ పట్టుతోనే మళ్ళీ కొత్తది అల్లుకునే అలవాటు ఉంది. ఇది తెలిశాక నాకు వెంటనే భాగవతం ఏకాదశ స్కంధం గుర్తొచ్చింది, యదు మహారాజుకి అవధూత తన 24 మంది గురువుల గురించి చెప్తాడు కదా, భూమి, గాలి, సముద్రం, పావురం, కొండచిలువ, చేప, మిడత, అందులో సాలీడు కూడా ఉంది. తనలోంచే దారం తీసి, అందులో ఆడుకుని, మళ్ళీ తనే మింగేస్తుంది, పరమాత్మ సృష్టి కూడా అలాంటిదే అంటాడు. అంటే ఆయన నిజంగా కూర్చుని చూశాడు! ఆ అవధూతకి సాలీడు వచ్చి కబురేమీ చెప్పలేదు, దాని పని అది చేసుకుంది, ఈయన చూసి నేర్చుకున్నాడు. ఈ 24 మంది గురువుల కథ కోర్సులో ఎక్కడా లేదు, పెట్టాల్సింది, కార్డులన్నీ తీసేసి ఇదొక్కటి పెట్టినా సరిపోయేది.

రోజువారీ సంకేతాల భాగం సగం సగంగా ఉంది. గడియారంలో 11:11 కనపడటం, ఒకే పేరు మళ్ళీ మళ్ళీ వినపడటం, ఇవన్నీ విశ్వం పంపే మెసేజులే అని ఒక ఆడియోలో అనేశారు. ఒకదాని మీద ధ్యాస పడ్డాక అదే అన్నిచోట్లా కనపడుతుంది, 2005లో ఆర్నల్డ్ జ్వికీ అనే భాషావేత్త దీనికి ఫ్రీక్వెన్సీ ఇల్యూజన్ అని పేరు పెట్టాడు. ఇది చెప్తే నమ్మకం పోతుందని భయపడ్డారేమో. నాకైతే పోలేదు. ధ్యాస ఎక్కడ పడిందో అదే నాకు సంకేతం, లోపల ఏది నలుగుతోందో అదే బయట కనపడుతుంది, ఆ గడియారానికి ఏ శక్తీ అంటగట్టక్కర్లేదు. కార్ల్ యుంగ్ అనే స్విస్ మానసిక వైద్యుడు చెప్పిన పురుగు సంగతి మాత్రం బాగా చెప్పారు, ప్రతిదానికీ లాజిక్ అడిగే ఒక పేషెంటు తనకి కలలో ఎవరో బంగారు పేడపురుగు నగ ఇచ్చారని చెప్తుంటే కిటికీ అద్దం మీద టకటకమని చప్పుడైంది, ఆయన తీసి చూస్తే దాదాపు అలాంటి పురుగే, పట్టుకుని ఆవిడ చేతికిచ్చాడు. ఆ తర్వాతే ఆవిడ ట్రీట్‌మెంటు ముందుకి కదిలిందని రాశాడు. పురుగు ఎందుకొచ్చింది అన్నది వదిలేసినా ఆవిడలో ఏదో మెత్తబడింది, అది ముఖ్యం.

నేను దేన్నైనా ఇలాగే తూచుకుంటా, త్రిజటని గుర్తుపెట్టుకుని. సుందరకాండలో సీతమ్మని రాక్షస స్త్రీలంతా బెదిరిస్తుంటే ముసలి త్రిజట నిద్రలేచి తన కల చెప్తుంది, తెల్లని బట్టల్లో రాముడు, గాడిదల రథం మీద దక్షిణం వైపు పోతున్న రావణుడు. కల చెప్పి ఊరుకోదు, ఇక ఆ తిట్లు ఆపండి, ఆవిడని క్షమించమని అడగండి అంటుంది. కల విన్నాక ఎదుటి మనిషి మీద చెయ్యెత్తడం ఆగింది చూడండి, ఆ కల ఎక్కడి నుంచి వచ్చిందైనా సరే నేను దండం పెడతా. విన్నాక భయం పెరిగి, నాకు ఇంకొకరు చెప్తేనే గానీ తెలియదు అనిపించేలా చేసేది ఎంత నిజమైనా నాకు వద్దు.

అసలు నాకు కోపం వచ్చింది అక్కడేనండి. కోర్సు సగంలో ఉండగా పర్సనల్ రీడింగ్ తీసుకోండి అని మెసేజులు మొదలయ్యాయి, డైరీలో పాము గానీ ఊడిన పళ్ళు గానీ వస్తే ఆలస్యం చెయ్యకండి, సీట్లు తక్కువ ఉన్నాయి అని. పళ్ళు ఊడే కల ఎంతమందికి వస్తుందో వీళ్ళకి తెలియదా! మా బ్యాచ్‌లో ఒకమ్మాయి ఆ మెసేజ్ చూసి రాత్రంతా నిద్రపోలేదట. నిద్రపోతేనే కల, కలే ముఖ్యం అని చెప్పిన నోటితోనే నిద్ర చెడగొట్టారు. గ్రూపులో గట్టిగానే రాశా, జవాబు మర్యాదగానే వచ్చింది, మెసేజులు మాత్రం ఆగలేదు.

పీడకలల గురించి ఒక్క ముక్క కూడా లేకపోవడం ఇంకో పెద్ద లోటు. ఒకే పీడకల పదే పదే వచ్చేవాళ్ళు, ముఖ్యంగా ఏదైనా ఘోరం చూసినవాళ్ళు, దాన్ని ఉన్నదున్నట్టు రోజూ రాసుకుంటూ పోతే కొందరికి ఇంకా కష్టమవుతుంది. దీనికి ఇమేజరీ రిహార్సల్ థెరపీ అని ఉంది, పగలు కూర్చుని ఆ కలని మనకి నచ్చినట్టు మార్చి రాసి, మార్చిన కలని రోజూ కాసేపు మనసులో చూసుకోవాలి, థెరపిస్ట్ దగ్గర చేస్తే మంచిది. అలాగే మందులు మానెయ్యడం, ఆపరేషన్ వాయిదా వెయ్యడం లాంటివి ఏ కాకినో చూసి నిర్ణయించకూడదని ఒక లైను రాసి పెట్టాల్సింది, అది కూడా లేదు.

ఇంక ప్రాక్టికల్ విషయాలు. ఆడియోలు స్పష్టంగా ఉన్నాయి, డౌన్‌లోడ్ అవుతాయి. లైవ్ కాల్స్ ఎవరు నడిపిస్తే ఎలా ఉంటాయో చెప్పలేం, గుడ్లగూబ రోజు నడిపించినావిడలాంటి వాళ్ళు దొరికితే అదృష్టం, ఇంకొకాయన అయితే ఎవరు ఏ కల చెప్పినా కార్డు పుస్తకం తీసి చదివేవాడు. మైకు ఆపుకుని ఊరికే వినొచ్చు, బలవంతం లేదు. డైరీ బైండింగ్ గట్టిది, మంచం మీద పడుకుని రాసినా పేజీలు ఊడలేదు, కానీ ఎడమ పేజీలో లైన్లు మరీ దగ్గరగా ఉన్నాయి, నిద్రమత్తులో రాసే చేతికి ఆ జాగా సరిపోదు. చేరే ముందు కార్డులు లేకుండా డైరీ, ఆడియోలు విడిగా ఇస్తారేమో అడగండి, వెబ్‌సైట్లో ఆ ఆప్షన్ కనపడదు గానీ మా బ్యాచ్‌లో ఒకాయన మెయిల్ పెడితే ఇచ్చారు.