బే వ్యూ గది, జంతిక నానబెట్టుకున్న పిట్ట

ముందు బిల్లు చెప్తాను. ఇది రాయాలని నన్ను కూర్చోబెట్టింది అదే. గది అద్దె 119 డాలర్లు, రిసార్ట్ ఫీ 25, పార్కింగ్ 15, పన్నులు కలిపి మొత్తం 181. రిసార్ట్ అనిపించుకోవడానికి అక్కడున్నవి రెండే: నీళ్ళు తోడేసిన స్విమ్మింగ్ పూల్, "పనిచేయదు" అని కాగితం అంటించిన ఐస్ మెషీన్.

న్యూజెర్సీలో అట్లాంటిక్ సిటీ వెళ్ళే దారిలో, అబ్సీకన్ దగ్గర ఒక మోటెల్ అది. పేరు చెప్పను. బుక్ చేసినప్పుడు 'బే వ్యూ', అంటే కిటికీలోంచి సముద్రపు పాయ కనిపిస్తుందని రాసి ఉంది, అందుకే పక్క మోటెల్ కన్నా ఇరవై డాలర్లు ఎక్కువైనా సరే అనుకున్నాం. కర్టెన్ తీస్తే ఎదురుగా పార్కింగ్ లాట్, చెత్త వేసే ఆకుపచ్చ డంప్‌స్టర్, దాని వెనక కంచె, కంచె అవతల మనిషెత్తు కిక్కిస. కిందికి దిగి బే ఎక్కడ బాబూ అని అడిగాను. కౌంటర్ దగ్గర కుర్రాడు మొహంలో నవ్వన్నది లేకుండా, "చలికాలంలో ఆ గడ్డి ఎండి పడిపోతే కనిపిస్తుంది మేడమ్" అన్నాడు. మేం వెళ్ళింది జూన్‌లో.

మావారు ఏమీ మాట్లాడలేదు. ఆయనకు కోపం వస్తే అంతే, టీవీ రిమోట్‌లో బ్యాటరీలు తీసి మళ్ళీ పెడుతుంటారు. అత్తయ్యగారు కైకలూరు నుంచి వచ్చి రెండు నెలలైంది. ఆవిడ మంచం అంచున కూర్చుని, "పిట్టల కోసమని ఇంత దూరం తెచ్చావు, ఏవీ నీ పిట్టలు?" అన్నారు. వాళ్ళ ఊరి పక్కనే ఆటపాక, కొల్లేరు పెలికాన్లు. పిట్టల విషయంలో ఆవిడ దగ్గర నేను మార్కులు తెచ్చుకోవడం కష్టం.

మేముండే ఎడిసన్ నుంచి తొంభై మైళ్ళ ప్రయాణం గురించి చెప్పడానికేమీ లేదు. పార్క్‌వే ఖాళీగా ఉంది.

నేను చూడాలనుకున్నది పడవ తోక నల్ల పిట్టని, అంటే బోట్ టెయిల్డ్ గ్రాకిల్‌ని. మా పెరట్లో మామూలు గ్రాకిల్స్ గుంపులు గుంపులుగా వాలతాయి కానీ ఇది అక్కడికి రాదు. లాంగ్ ఐలాండ్ నుంచి టెక్సాస్ దాకా సముద్రాన్ని అంటిపెట్టుకునే బతుకుతుంది. ఫ్లోరిడాలో మాత్రమే లోపలి చెరువుల దాకా వెళ్తుంది. నల్లగా ఉన్నా ఇది కాకి కాదు, గోరింకా కాదు. ఈ కుటుంబం పిట్టలు అమెరికా ఖండాలు దాటి ఎక్కడా లేవు, అందుకే మన భాషలో వీటికి పేరు లేదు. అత్తయ్యగారు చివరిదాకా "ఆ తోక కాకి" అనే అన్నారు.

మావాడు జంతికల డబ్బా పట్టుకుని కారు దగ్గరికి వెళ్తూ ఒక ముక్క కింద పడేసుకున్నాడు. డంప్‌స్టర్ మూత మీద నుంచి ఒక పిట్ట దిగింది. కాకికి కాస్త తక్కువ సైజు. ఎండ పడ్డ చోట ఒళ్ళంతా నీలం. తోక మాత్రం ఒంటికి మించినంత పొడుగ్గా, మధ్యలో మడతపెట్టినట్టు, పడవ అడుగులా ఉంది. పసుపు కళ్ళతో మావాణ్ణి ఒకసారి చూసి, ముక్కను ముక్కుతో పట్టుకుని ఎగిరిపోలేదు, నడిచింది. ఏసీ నీళ్ళు కారి తయారైన చిన్న మడుగు దగ్గరికి వెళ్ళి జంతికను ముంచింది. తీసి నొక్కి చూసింది. మళ్ళీ ముంచింది. మూడోసారికి మెత్తబడిందేమో, మింగేసింది.

కిటికీలోంచి చూస్తున్న అత్తయ్యగారు గట్టిగా నవ్వారు. "మా మేనత్త పళ్ళు ఊడాక ఇలాగే టీలో ముంచుకుని తినేది!"

ఎండిన తిండిని నీళ్ళలో నానబెట్టుకోవడం ఈ పిట్టలకు అలవాటేనట. ఆ పూట మేం ఇంకెక్కడికీ వెళ్ళలేదు. మావారు కూడా రిమోట్ పక్కన పెట్టి బైనాక్యులర్స్ అందుకున్నారు.

కంచె మీద నాలుగైదు మగవి వరసగా కూర్చుని, ముక్కులు ఆకాశంలోకి ఎత్తిపెట్టి ఒకదాన్నొకటి ఓరగా చూసుకుంటున్నాయి. ఉన్నట్టుండి వాటిలో ఒకటి ఒళ్ళు ఉబ్బించి, తోక విప్పి, రెక్కలు గడగడ వణికిస్తూ తుప్పు పట్టిన గేటు లాగినట్టు అరుస్తుంది. కింద కిక్కిసలో ఆడవి గడ్డి పరకలు మోసుకుంటూ తిరుగుతున్నాయి. చూస్తే వేరే జాతి అనుకుంటాం: గోధుమరంగు ఒళ్ళు, మగదానిలో సగం బరువు. గూడు కట్టేదీ పొదిగేదీ మేపేదీ అంతా ఆడదే. అయ్యగారికి కంచె దిగే పనే లేదు.

మర్నాడు పొద్దున ఆరున్నరకి ఎడ్విన్ బి. ఫోర్సైత్ వన్యప్రాణి ఆశ్రయానికి వెళ్ళాం. కారుకు 4 డాలర్లు. మళ్ళీ చెప్తున్నా, నాలుగు. ఎనిమిది మైళ్ళ మట్టి రోడ్డు, ఒకవైపే వెళ్ళాలి, రెండు పక్కలా ఉప్పు చిత్తడి, దూరంగా అట్లాంటిక్ సిటీ క్యాసినోల మేడలు. కొంగలు, స్తంభాల మీద గూళ్ళలో ఆస్ప్రేలు అనే చేపల డేగలు, జమ్ము కొసన ఊగుతూ భుజం మీద ఎర్ర బొట్టు చూపించే రెడ్ వింగ్డ్ బ్లాక్‌బర్డ్‌లు. నిన్న 181 పోసి కొనుక్కోలేని బే వ్యూ ఇక్కడ ఎనిమిది మైళ్ళ పొడుగునా ఉంది. జమ్మును అత్తయ్యగారు చూడగానే గుర్తుపట్టారు.

విజిటర్ సెంటర్‌లో ఒక పెద్దాయన, వాలంటీర్. నేను మోటెల్ కిక్కిస సంగతి చెప్పగానే కుర్చీ లాక్కుని మా దగ్గర కూర్చున్నారు. అడుగున నీళ్ళుంటే నక్కలూ రకూన్లూ రావడం కష్టం కాబట్టి ఆడవన్నీ అలాంటి చోట గుంపుగా గూళ్ళు కడతాయట. ఫ్లోరిడాలో అయితే కింద మొసళ్ళున్న చోటు చూసుకుని మరీ కట్టేవీ ఉన్నాయట. అన్నీ ఒక్కచోట చేరాక ఒక మగది మిగతావాటిని తరిమి ఆ గుంపుకి పెత్తందారు అవుతుంది. అక్కడ జరిగే జతకట్టడాల్లో 87 శాతం దాని ఖాతాలోవే. తీరా డీఎన్ఏ పరీక్ష చేస్తే పిల్లల్లో దానివి పాతిక శాతమేనని తేలిందట. మిగతావాటిలో ఎక్కువ భాగానికి తండ్రులు గుంపు బయటి మగవి.

ఇది తెలుగులో చెప్పడానికి నేను కాస్త మొహమాటపడ్డాను. మావాడు పక్కనే ఉన్నాడు కదా. అత్తయ్యగారికి ఆ మొహమాటమేమీ లేదు. "ఊరంతా నాదే అనుకునే జమీందార్లు మా వైపూ ఉండేవారులే" అన్నారు. పెద్దాయన అనువాదం అడిగారు. మావారు బయటికెళ్ళిపోయారు.

కళ్ళ రంగు సంగతి కూడా ఆయనే చెప్పారు. ఈ అట్లాంటిక్ తీరంలో వాటికి పసుపు కళ్ళు, ఫ్లోరిడా వాటికి ముదురు గోధుమ. నల్లకళ్ళదాన్ని కూడా చూడాలని మావాడు అప్పుడే ఫ్లోరిడా ట్రిప్ అడగడం మొదలుపెట్టాడు.

వెళ్ళాలనుకునేవాళ్ళకు: మే, జూన్‌లో వెళ్ళండి. జూలైలో ఆకుపచ్చ కళ్ళ గ్రీన్‌హెడ్ ఈగలు దిగుతాయి, బట్టల మీద నుంచే కుడతాయి. క్రితం ఏడు మేం కారు అద్దం నాలుగు వేళ్ళు దించి, చేసిన పొరపాటుకి వారం రోజులు గోక్కున్నాం. డ్రైవ్‌లోకి దిగే ముందే బాత్రూమ్ పని చూసుకోండి, మధ్యలో వెనక్కి తిరగడం కుదరదు. నీళ్ళు, పులిహోర వెంట ఉంచుకోండి. ఆశ్రయంలో మాత్రం ఏ పిట్టకీ ఏదీ పెట్టకండి, అక్కడ అది నిషేధం. గది బుక్ చేసేటప్పుడు ఫోన్ చేసి, పన్నులతో సహా మొత్తం ఎంతో అడగండి. వ్యూ అని రాసి ఉంటే ఏ నెలలో కనిపిస్తుందో కూడా అడగండి.

చెక్ అవుట్ చేస్తూ రిసార్ట్ ఫీ గురించి మావారు చాలాసేపు వాదించారు. పూల్ లేదు, ఐస్ లేదు, దేనికి పాతిక డాలర్లు? కుర్రాడు కంప్యూటర్ చూసి, చూసి, పార్కింగ్ పదిహేను వెనక్కిచ్చాడు. రిసార్ట్ ఫీ తన చేతిలో లేదట. మేం కారెక్కుతుంటే డంప్‌స్టర్ మీద మళ్ళీ అదే పిట్టో దాని తమ్ముడో కూర్చుని ఉంది. అత్తయ్యగారు డబ్బా మూత తీయబోయారు. వద్దన్నాను, అలవాటు చేయకూడదని. ఒళ్ళో డబ్బాతో ఎడిసన్ దాకా నాతో మాట్లాడలేదు.