పానగల్ దీపాల నడక: గంట ముందు బయల్దేరి ఉంటే

ముందు నా సంగతి చెప్పాలి. నల్లగొండలో ముప్పై ఏళ్లుగా ఎలక్ట్రికల్ దుకాణం నడుపుతున్నాను. పెళ్లి పందిళ్లకూ వినాయక మండపాలకూ సీరియల్ సెట్లు కట్టీ కట్టీ కాయలు కాసిన చేతులివి. ఏ పండుగకు వెళ్లినా దేవుడి కంటే ముందు వైర్లు చూస్తాను. మా ఆవిడ దీన్ని జబ్బు అంటుంది. ఆ జబ్బున్న మనిషి మాటలుగానే ఇవి చదవండి.

2025 నవంబరు 5, కార్తీక పౌర్ణమి. మా ఊరి డిగ్రీ పిల్లలు కొందరు క్లాక్ టవర్ సెంటర్ నుంచి పానగల్ దాకా దీపాలు చూసే నడక పెట్టారు. మనిషికి 150 రూపాయలు. దారిలో చాయ్, తిరుగు ప్రయాణానికి ఆటో, చేతికో 365 వత్తుల కట్ట అన్నీ అందులోనే. పద్దెనిమిది మందిమి తేలాం. మూడున్నరకు రమ్మంటే నేను మూడు ఇరవైకే వెళ్లి నిలబడ్డాను. ఇంకా నలుగురు రావాలంటూ ఆగీ ఆగీ నాలుగు దాటిన పావుగంటకు కదిలారు. ఇది చిన్న విషయం కాదు, ఎందుకో తర్వాత చెబుతాను.

ముందు ప్రకాశం బజారులో ఒక చుట్టు తిప్పారు. బంతిపూలు, ప్రమిదలు, గుట్టలుగా ఉసిరికాయలు. దీపం పెట్టడానికి పైభాగం గుంటగా తొలిచినవి నాలుగు ఇరవై రూపాయలు, తొలవనివి పది. తొలవనివే కొన్నాను. నా దగ్గర స్క్రూడ్రైవర్ ఎప్పుడూ ఉంటుంది.

నడిపించిన అమ్మాయికి చదువు వంటబట్టింది. ఊరికి అటూ ఇటూ ఉన్న కాపురాల గుట్టనూ లతీఫ్ సాహెబ్ గుట్టనూ చూపించి, ఈ ఊరి పాత పేరు నీలగిరి అని మొదలుపెట్టింది. కందూరు చోడులకు పానగల్ రాజధాని అనీ, అక్కడి చెరువుకు ఉదయ సముద్రం అన్న పేరు ఉదయ చోడుడి మీదుగా వచ్చిందనీ నడుస్తూనే చెప్పింది. మైకు పెట్టలేదు, కాగితం చూడలేదు. వెనకబడిన ముసలాయన కోసం రెండుసార్లు ఆగి, చెప్పిందే మళ్లీ చెప్పింది. దారి నాలుగు కిలోమీటర్ల దాకా ఉంటుంది. చాయ్ మాత్రం చక్కెర పానకం.

ఛాయా సోమేశ్వరాలయానికి చేరేసరికి అయిదూ ముప్పై అయిదు. నవంబరు మొదటివారంలో ఆరు కొట్టకముందే పొద్దు వాలిపోతుంది. ఈ గుడికి ఎవరైనా వచ్చేది దేనికి? గర్భగుడిలో లింగం వెనక గోడ మీద నిలువుగా పడే స్తంభం నీడ కోసం. సూర్యుడు ఆకాశంలో ఎక్కడున్నా అది ఉన్నచోటు నుంచి జరగదు. ఎండ నేరుగా లోపలికి రాదనీ, మంటపం పక్కల నుంచి చెదిరి వచ్చే వెలుతురును స్తంభాలు అడ్డుకోవడం వల్ల నీడ అలా నిలిచిపోతుందనీ ఆ అమ్మాయి చెప్పింది. నాకు వెంటనే ఎక్కింది. గదిలో ఒకే బల్బు పట్టుకుని తిరిగితే నీడ మనతో తిరుగుతుంది. వెలుతురు కిటికీల్లోంచి పరుచుకుని వస్తే తిరగదు. అంతా అర్థమైంది, చూద్దామంటే నీడే లేదు. గోడ మీద మసక చార లాంటిది ఉందో లేదో అన్నట్టు కనిపించింది. నేను చిన్నప్పుడు చూశాను కాబట్టి సరిపోయింది. హైదరాబాదు నుంచి వచ్చిన దంపతులు మొదటిసారి చూడబోయి ఒట్టి గోడ చూసి వెళ్లారు. మూడున్నరకే కదిలి ఉంటే ఈ వాక్యం రాసే పని ఉండేది కాదు.

చీకటి పడ్డాక కోనేటి దగ్గర వెలుగు మొదలైంది. పగలంతా కదలని నీడకు పేరుపడ్డ చోట రాత్రి ఒక్క నీడ కుదురుగా నిలిస్తే ఒట్టు. గాలి వీచిన ప్రతిసారీ స్తంభాలన్నీ ఊగినట్టుండేది. నా వ్యాపారానికి నష్టమైనా చెబుతాను, వెయ్యి రూపాయల సీరియల్ సెట్టు ఈ పని చేయలేదు. అంతలో దారి పక్క బొమ్మల దుకాణం ఆయన తెల్లటి ఫోకస్ లైటు వేశాడు. అంతే, ప్రమిదలన్నీ ఆరిపోయినట్టు కనిపించాయి. వెళ్లి బతిమాలితే లైటును గోడవైపు తిప్పాడు, మంచివాడు.

నిర్వాహకుల వత్తుల కట్ట గురించి. వత్తి బాగుంది, గట్టి పేట. కానీ నూనె ఇవ్వలేదు. పద్దెనిమిది మందిమి ఎండు వత్తులు పట్టుకుని అగ్గిపుల్లలు గీస్తూ కూర్చున్నాం. పక్కన ఒక పెద్దావిడ చూసి చూసి, "నూనె లేని వత్తి ఏం వెలుగుతుంది బిడ్డా" అంటూ తన సీసా నా చేతిలో పెట్టింది. అందరం అదే సీసా వాడుకున్నాం. చివరకు అడుగున నాలుగు చుక్కలు మిగిలాయి. సీసా తిరిగిస్తుంటే నాకు సిగ్గేసింది, ఆవిడకు కాదు.

ఇంకొకటి. గుడి నుంచి వెనక్కి వచ్చే బాటలో ఎవరో అద్దె లైట్లవాళ్లు వైరు నేల మీదే పరిచారు, జాయింటు దగ్గర రాగి తేలి ఉంది. పోయిన వారం తుపాను వానకు బాట ఇంకా తడిగానే ఉంది, పిల్లలు చెప్పులు లేకుండా తిరుగుతున్నారు. ప్లగ్గు తీయించి, జేబులోని ఇన్సులేషన్ టేపుతో నేనే చుట్టి, వైరును చెట్టు కొమ్మ మీదికి ఎక్కించాను. అప్పటికే మావాళ్లు చాలా ముందుకు పోయారు.

పచ్చల సోమేశ్వరాలయం దగ్గర వాళ్లను కలిశాను. ఈ నడకంతటికీ డబ్బు గిట్టింది ఇక్కడే. గుడి పక్కనున్న మ్యూజియం పగలు చూసేది, దాన్ని వదిలేశారు. స్తంభాల దగ్గర అందరి ఫోను లైట్లూ ఆపించి, ఆ అమ్మాయి ఒక్క టార్చిని రాతికి ఆనించినంత దగ్గరగా, పక్క నుంచి పట్టుకుంది. అప్పటిదాకా నున్నగా కనిపించిన రాయిలో నర్తకి కాలి అందె లేచింది, తర్వాత మడమ, తర్వాత వంచిన వేళ్లు. వేలికీ వేలికీ మధ్య సందులో నీడ చీమంత. టార్చి ఎదురుగా పట్టగానే బొమ్మ మళ్లీ రాయిలో కలిసిపోయింది. వెలుతురు ఎటునుంచి వేయాలో మా దుకాణానికి వచ్చే డెకరేషన్ వాళ్లకు ఏళ్ల తరబడి చెబుతున్నాను, వినరు. ఆ అమ్మాయికి ఎవరు నేర్పారో అడిగితే, ఫోను పాడైపోయిన రోజున అనుకోకుండా తెలిసిందట.

అయిదుకు మూడున్నర ఇస్తాను. పోయినవాటిలో ఒకటి ఆలస్యానికి, సగం నూనెకు. వెళ్లేవాళ్లు నూనె సీసా, రెండు అగ్గిపెట్టెలు మీవే తీసుకెళ్లండి. ఛాయా సోమేశ్వరం మటుకు నాలుగున్నర లోపు చూడండి, వాళ్లు కదలకపోతే మీరే నడవండి.

పద్దెనిమిది మందికి రెండే ఆటోలు వచ్చాయి. నేనెక్కిన దాంట్లో పైన నీలం రంగు లైట్ల పట్టీ మూడో ముక్క దగ్గర ఆగిపోయి ఉంది. టంకం ఊడింది, రేపు దుకాణానికి రమ్మన్నాను. పదింటికి వచ్చాడు. ఇరవై రూపాయలు తీసుకున్నాను.