98 చూపించింది, అమ్మ ఆయాసం మాత్రం తగ్గలేదు

అమలాపురంలో ఒక మెడికల్ షాపులో రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే, వేలికి పెట్టుకునే ఆక్సీమీటరు కొన్నాను, 850 రూపాయలు. "ఆయ్, ఏలు పెట్టగానే నంబరొచ్చేత్తాదండి" అన్నాడు షాపాయన, ఆ మాట నిజమే, నాలుగైదు సెకన్లలో అంకె వచ్చేస్తుంది, చీకట్లో కూడా బాగా కనపడుతుంది.

అమ్మ ఏటిగట్టు ఎక్కడానికి రెండుసార్లు ఆగి చెంగుతో మొహం తుడుచుకునేది. పెట్టి చూస్తే 98. నాకే 97! గ్యాసేమోలే అని రెండు వారాలు సోడా తాగించాం (ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది). చివరికి డాక్టరు గారు కింది కనురెప్ప లాగి చూస్తే లోపల తెల్లగా పాలిపోయి ఉంది, రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ (రక్తంలో ఆక్సిజన్‌ని మోసేది ఇదే) 100 మి.లీ.కి 7 గ్రాములే, అంటే రక్తహీనత.

మిషన్ వాపసు ఇచ్చేద్దామనుకున్నాను గానీ తప్పు దానిది కాదట. హిమోగ్లోబిన్ అణువులో నాలుగు ఇనుము పరమాణువులుంటాయి, ఒక్కోటి ఒక్కో ఆక్సిజన్ అణువుని పట్టుకుంటుంది, నాలుగు సీట్ల షేరాటో అనుకోండి. రాజోలు వెళ్ళే ఆటోలు చూశారుగా, ఖాళీగా ఉంటే ఎవరూ ఎక్కరు, ఒకరు కూర్చోగానే మిగతావాళ్ళు తోసుకుంటూ ఎక్కేస్తారు. ఇక్కడా అంతే, మొదటి ఆక్సిజన్ అతుక్కోగానే అణువు ఆకారం మారి తర్వాతవాటికి ఎక్కడం తేలికవుతుంది. ఈ మిషన్ ఎరుపు కాంతినీ, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతినీ వేల్లోంచి పంపి సీట్లు ఎంత శాతం నిండాయో చెబుతుంది, ఆటోలు ఎన్నున్నాయో చెప్పదు. గ్రాము హిమోగ్లోబిన్ మోసేది దాదాపు 1.34 మి.లీ. ఆక్సిజన్. అంటే హిమోగ్లోబిన్ 14 గ్రాములు ఉన్నవాళ్ళ 100 మి.లీ. రక్తంలో 18 మి.లీ. పైనే ఉంటే అమ్మ రక్తంలో ఉన్నది 9. మిషన్‌కి ఇద్దరూ 98 శాతమే!

ఈ ముక్క పెట్టెలోని కాగితం మీద ఎక్కడా లేదు, ఉన్నదంతా చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాలు. ఇంకోటి, ధనుర్మాసంలో పొద్దున్నే చల్లటి వేలికి 88 చూపించి ఇంటిల్లిపాదికీ టెన్షన్ పెట్టింది, చేతులు రుద్దుకుని పెడితే 97. గోళ్ళరంగు ఉంటే తుడిచి పెట్టండి.

ఐదుకి మూడు స్టార్లు. న్యుమోనియా లాంటివాటికి ఇంట్లో ఉండాల్సిందే, రక్తహీనతకి మాత్రం దీన్ని నమ్ముకోకండి, ల్యాబుకి వెళ్ళండి. అమ్మ ఇనుము మాత్రలు వేసుకుంటోంది, మొన్న 9.6 వచ్చింది. మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగొద్దన్నారు, దానికి మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.