పింగరా, ట్రాన్స్‌పాండరా?

సముద్రం అడుగున నెలల తరబడి వదిలేసే పరికరం ఆచూకీ తెలియాలంటే శబ్దమే దిక్కు. జీపీఎస్ సిగ్నల్ ఉప్పునీటిలోకి పోదు. మరి పరికరానికి శబ్దం చేసే ఈ రెండింటిలో ఏది బిగించాలి, పింగరా, ట్రాన్స్‌పాండరా?

పింగర్ పని సులువు. ఎవరు విన్నా వినకపోయినా ఆగి ఆగి కూత పెడుతూనే ఉంటుంది. విమానాల బ్లాక్ బాక్సులకుండే 37.5 కిలోహెర్ట్జ్ బీకన్ ఈ కోవలోదే. ధర తక్కువ. కానీ కూత కూతకూ బ్యాటరీ కరిగిపోతుంది. పైగా శబ్దం ఏ దిక్కునుంచి వస్తోందో పట్టుకోవచ్చు గానీ, ఎంత దూరమో నేరుగా తెలియదు.

ట్రాన్స్‌పాండర్ పిలిస్తేనే పలుకుతుంది. మిగతా సమయమంతా వింటూ ఊరుకుంటుంది కాబట్టి బ్యాటరీ ఏళ్ల తరబడి నిలుస్తుంది. అసలు లాభం దూరం లెక్కలో ఉంది. నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది. ఓడ నుంచి పిలిచాక 6 సెకన్లకు జవాబొచ్చిందంటే రానూపోనూ 9000 మీటర్లు, అంటే పరికరం 4500 మీటర్ల దూరంలో ఉన్నట్టు. (పలకడానికి అది తీసుకునే కొద్ది మిల్లీసెకన్లను ముందే తీసేయాలి.) ఇది ఏటవాలు దూరం, అంటే ఓడ నుంచి పరికరానికి తిన్నగా గీసిన గీత పొడవు, నిలువు లోతు కాదు. ఒకే గీత మీద లేని మూడు చోట్ల నుంచి కొలిస్తే పరికరం ఉన్న చోటు తేలుతుంది. కొలిచేటప్పుడు ఓడ ప్రొపెల్లర్ ఆపడం మంచిది, ఆ మోతలో జవాబు మునిగిపోతుంది.

రిలీజ్ ఉన్న రకమైతే ఇంకా మేలు: కోడ్ అందగానే లంగరు బరువును వదిలేసి పరికరం పైకి తేలుతుంది. ఏడాది పాటు కూడబెట్టిన డేటా చేతికి రావాలంటే నేను దీన్నే ఎంచుకుంటాను. తీరం దగ్గర, లోతు తక్కువ చోట, నాలుగు రోజుల పనికైతే పింగర్ చాలు.