కూల్‌డ్రింక్ బాటిల్ ఫిలమెంట్: విశాఖ తేమలో రెండేళ్ల వాడకం

రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్‌ని సన్నటి పట్టీగా కోసి, వేడి రంధ్రంలోంచి లాగితే 1.75 మిల్లీమీటర్ల ఫిలమెంట్ (త్రీడీ ప్రింటర్ కరిగించి పొరలుగా పోసే ప్లాస్టిక్ తీగ) వస్తుంది. త్రీడీ ప్రింటర్‌లో దాన్ని వాడటం మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. లాగే యంత్రం పాత ఎండర్ 3 ప్రింటర్ విడిభాగాలతో కట్టినదే: హీటర్, థర్మిస్టర్ (వేడి కొలిచేది), ఒక స్టెప్పర్ మోటారు, వేగం తగ్గించడానికి పళ్ల చక్రాల జోడు. కొక్కేలు, పైపు క్లాంపులు, బ్రాకెట్లు, మూతల వంటి సామానుకి ఈ ఫిలమెంట్ బజారులో కొన్న పెట్‌జీ రకం ఫిలమెంట్‌కి ఏమాత్రం తీసిపోదు. నగిషీ ఉన్న బొమ్మలకి మాత్రం వద్దు.

సగం పని బాటిల్ ఎంచుకోవడంలోనే ఉంది. గోడ నిటారుగా, నున్నగా ఉన్న 2, 2.25 లీటర్లవే కావాలి. వాటి మందం సుమారు 0.25 నుంచి 0.35 మిల్లీమీటర్లు. లీటరు నీళ్ల బాటిళ్లు పల్చన, పైగా ఒళ్లంతా గాడులు. ఆర్కే బీచ్‌లోనో జోడుగుళ్లపాలెం ఇసుకలోనో ఏరినవి వాడొచ్చు కదా అని అందరికీ అనిపిస్తుంది. ఆలోచన మంచిదే, కానీ పదార్థం ఒప్పుకోదు. నెలల తరబడి ఎండలో పడి ఉన్న పెట్ (ఈ బాటిళ్ల ప్లాస్టిక్) పెళుసెక్కి, పట్టీ కోస్తుండగానే పుటుక్కున తెగుతుంది. గీతల్లో ఇరుక్కున్న ఇసుక ఎంత కడిగినా పూర్తిగా పోదు, ప్రింటర్‌లో ప్లాస్టిక్ బయటికొచ్చే ఇత్తడి మొనని, అంటే నాజిల్‌ని అరగదీస్తుంది. ఫంక్షన్ హాళ్లలో భోజనాలయ్యాక పోగయ్యేవి అన్నిటికన్నా మేలు: ఎండ తగలనివి, చాలావరకు ఒకే కంపెనీవి, ఒకే సైజువి. ఒకే రకం ముప్పై దొరికితే సెట్టింగులు ఒక్కసారి కుదుర్చుకుంటే సరిపోతుంది.

లేబుల్ పూర్తిగా ఊడదీయాలి. వేడికి ముడుచుకుని అతుక్కునే రకం లేబుళ్లలో కొన్ని పీవీసీవి. ప్రింటింగ్ వేడిలో పీవీసీ ముక్క హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి వదులుతుంది. ఊపిరికీ చేటు, లోహానికీ చేటు. జిగురు మీద కొబ్బరినూనె రాసి పది నిమిషాలాగి సబ్బునీళ్లతో కడిగితే వదిలిపోతుంది. జిడ్డు ఏమాత్రం మిగిలినా పొరలు సరిగ్గా అతుక్కోవు కాబట్టి రెండోసారి కడగడం మానొద్దు. తర్వాత రెండు చెంచాల నీళ్లు పోసి, మూత గట్టిగా బిగించి, హీట్ గన్ ముందు తిప్పుతూ ఉంటే లోపలి ఆవిరి ఒత్తిడికి నొక్కులన్నీ సాపవుతాయి. ఒకేచోట ఆపితే ఉబ్బి పగులుతుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఈ పని చేయకండి.

పట్టీ వెడల్పుకి లెక్క ఉంది. 1.75 ఫిలమెంట్ అడ్డుకోత వైశాల్యం 2.4 చదరపు మిల్లీమీటర్లు. గోడ 0.3 ఉంటే వెడల్పు 8 మిల్లీమీటర్లు, 0.25 ఉంటే 9.6. ఆచరణలో అర మిల్లీమీటరు తగ్గించి కోస్తేనే రంధ్రంలో బిగుసుకోకుండా జారుతుంది. రంధ్రం అంటే మామూలు ఇత్తడి నాజిల్‌కే 1.7 డ్రిల్ బిట్‌తో వేసినది. వేడి 215 డిగ్రీలు, లాగే వేగం సెకనుకి 3.5 మిల్లీమీటర్లు. పెట్ కరిగేది 250 దాటాకే, కాబట్టి ఇక్కడ అది కరగదు, మెత్తబడి చుట్టుకుంటుంది అంతే. వేడి 235కి పోతే పట్టీ సాగి తెగుతుంది; 195కి దిగితే అంచుల మధ్య చీలిక తెరుచుకునే ఉండిపోతుంది. ఒక బాటిల్‌కి ముప్పావుగంట పైనే పడుతుంది, సుమారు 30 గ్రాములు, పది మీటర్లు వస్తుంది.

కొసని బ్లేడుతో కోసి లెన్సు కింద చూడండి. తమలపాకు చిలక చుట్టినట్టు అంచులు రెండూ లోపలికి మడతపడి, మధ్యలో సన్నటి బోలు కనిపిస్తుంది. వెర్నియర్ కాలిపర్ 1.7 చూపిస్తుంది గానీ లోపల పదార్థం అంత లేదు. కొత్తగా మొదలుపెట్టినవాళ్ల ప్రింట్లు చిల్లులు చిల్లులుగా రావడానికి ముఖ్య కారణం ఇదే. అందుకే కాలిపర్‌ని కాదు, తక్కెడని నమ్మాలి. నిండు పెట్ ఫిలమెంట్ మీటరు 3.3 గ్రాములు తూగాలి. లాగినది 2.8 తూగితే స్లైసర్‌లో (ప్రింటర్‌కి ఆదేశాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) ఫ్లో, అంటే తోసే ప్లాస్టిక్ మోతాదు, 118 శాతం పెట్టాలి. ప్రతి చుట్టకీ ఒక మీటరు ముక్క తూచి ఆ అంకె చుట్ట మీదే రాసిపెట్టుకోవాలి. బాటిల్ భుజం దగ్గర, అడుగు దగ్గర గోడ మందం మారుతుంది కాబట్టి రెండు కొసల్లోనూ అరమీటరు వదిలేయడం మంచిది.

ఇక తేమ. మన ఊళ్లో ఏడాది పొడుగునా గాలిలో తేమ డెబ్బై శాతానికి అటూఇటూ ఉంటుంది. బోలు ఉన్న ఫిలమెంట్ లోపలివైపు నుంచి కూడా తేమ పీల్చుకుంటుంది. రాత్రి బయట వదిలేసిన చుట్ట పొద్దున్న నాజిల్‌లో పోపులో ఆవాల్లా చిటపటలాడుతుంది. ఆ చప్పుడు వింటే ప్రింట్ ఆపేయండి. వేడి పెట్‌లో నీరుంటే పదార్థపు అణువుల గొలుసులే తెగిపోతాయి. పైకి బాగానే కనిపించిన క్లాంపు స్క్రూ బిగించగానే పొర వెంట విడిపోతుంది. ప్రింటయ్యాక ఎంత ఆరబెట్టినా ఆ బలం తిరిగి రాదు. ముందే 65 డిగ్రీల్లో ఆరు గంటలు ఆరబెట్టి, సిలికా జెల్ పావుకిలో వేసిన గాలి చొరని డబ్బాలోంచే నేరుగా ప్రింటర్‌కి అందించాలి. వేడి ఇంకా పెంచితే చుట్టలు ఒకదానికొకటి అంటుకుపోతాయి.

ప్రింటర్‌లో టెఫ్లాన్ గొట్టం నాజిల్ దాకా వచ్చేదైతే ఈ ఫిలమెంట్ జోలికి పోవద్దు; ఆ వేడికి టెఫ్లాన్ చెడి విషవాయువులు వస్తాయి. పూర్తి లోహపు హాటెండ్ (ప్లాస్టిక్ కరిగే భాగం), 0.6 మిల్లీమీటర్ల నాజిల్, 262 డిగ్రీలు, బెడ్ (ప్రింట్ నిలిచే పళ్లెం) 80 డిగ్రీలు, వేగం సెకనుకి 35 మిల్లీమీటర్లు: ఇవి నిలకడగా పనిచేస్తున్నాయి. ఫ్యాన్ 30 శాతం చాలు. అసలు లేకపోతే నెమ్మదిగా చల్లారి, పాలలా తెల్లబడి పెళుసవుతుంది. ఎక్కువైతే పొరలు విడిపోతాయి. గాజు బెడ్ మీద గ్లూ స్టిక్ రాయకపోతే ప్రింట్ వదలదు, గాజు పెచ్చు ఊడొస్తుంది. ఎక్స్‌ట్రూడర్ (ఫిలమెంట్‌ని తోసే భాగం) స్ప్రింగు కాస్త వదులు చేయాలి, లేకపోతే బోలు ఫిలమెంట్ చదునుగా నలిగి జారుతుంది.

ఒక చుట్ట 30 గ్రాములే కాబట్టి పాతిక గ్రాముల లోపు వస్తువులే హాయి. రెండు చుట్టలు కరిగించి అతికితే అతుకు దగ్గర విరుగుతుంది. డైరెక్ట్ డ్రైవ్ (ఎక్స్‌ట్రూడర్ హాటెండ్ పైనే ఉండే రకం) ప్రింటర్ అయితే కొసలు తిన్నగా అడ్డంగా కోసి, మొదటిది అయిపోతుండగా వెనకే రెండోది తోస్తే నడుస్తుంది. పక్కన మనిషి ఉండాలి.

మేడ మీద నీళ్ల ట్యాంకు పైపు క్లాంపులు రెండు వేసవులు దాటినా బిగువు వదల్లేదు. మే నెల ఎండలో నిలిపిన కారులో పీఎల్ఏ (త్రీడీ ప్రింటింగ్‌లో ఎక్కువగా వాడే ప్లాస్టిక్) ఫోన్ స్టాండు వంగిపోయినచోట ఇది నిలిచింది. పెట్ మెత్తబడటానికి 70 డిగ్రీలు దాటాలి. ఎండ నేరుగా పడే పల్చటి భాగాలు మాత్రం ఏడాదికే పెళుసయ్యాయి, కనీసం 3 మిల్లీమీటర్ల మందం ఇవ్వండి. తిండి సామాను పెట్టే వస్తువులు చేయొద్దు, పొరల గాడుల్లో మురికి చేరితే కడిగినా పోదు.

పర్యావరణం కోసం మొదలుపెట్టేవాళ్లకి ఒక మాట. శుభ్రమైన పెట్ బాటిల్‌కి తుక్కు కొట్లో ధర ఉంది, ఏరేవాళ్లు వదలరు. కాల్వల్లో నిజంగా మిగిలిపోయేది చిప్స్ ప్యాకెట్ల వంటి పల్చటి కవర్లు. వాటిని ఇలా పట్టీ కోసి లాగడం కుదరదు. దీనివల్ల ఆదా అయ్యేది కొత్త ఫిలమెంట్ కొనుగోలు. కోతలో రాలే సన్నటి పొట్టు నీళ్లలోకి పోకుండా గుడ్డలో వడగట్టండి. మిగిలిన మెడ, అడుగు ముక్కలు రంగులేనివి ఒక సంచిలో, ఆకుపచ్చవి ఇంకో సంచిలో, మూతలు విడిగా పెడితే తుక్కు కొట్టువాళ్లు తీసుకుంటారు. కలిపితే వెనక్కి ఇచ్చేస్తారు. చెడిపోయిన ప్రింట్లు ఎలాగూ తీసుకోరు, అందుకే పెద్ద వస్తువుకి ముందు రెండు గ్రాముల పరీక్ష ముక్క ఒకటి ప్రింట్ చేసి విరిచి చూడండి.