పాలు పట్టించడం నేర్పే మేడమ్, హైదరాబాద్ మూసాపేటలో మా ఇంటికి వచ్చారు: 5కి 4 స్టార్లు

నల్గొండ జిల్లాలో ఇరవై ఎనిమిదేళ్లు అంగన్‌వాడీ టీచర్‌గా చేశాను. పుట్టిన గంటలోపే రొమ్ము పట్టించండి, ముర్రుపాలు పిండి పారబోయకండి, ఆర్నెల్లు నీళ్లు కూడా వద్దు అని ఎన్ని ఇళ్ల అరుగుల మీద కూర్చుని చెప్పానో లెక్కలేదు. తేనె నాకించే, చక్కెర నీళ్లు పోసే ముసలమ్మలతో కొట్లాడాను కూడా. అలాంటిది మూసాపేటలో మా బిడ్డకు కాన్పు ఆపరేషన్ అయిన అయిదో రోజు, పాప రొమ్ము పట్టక గుక్కపెట్టి ఏడుస్తుంటే నాకేం తోచలేదు. పట్టించమని చెప్పడమే వచ్చు నాకు. ఎలా పట్టించాలో మా ట్రైనింగుల్లో బొమ్మ చూపించి వదిలేశారు. 2.8 కిలోలతో పుట్టిన పాప 2.55కి దిగింది. మా వియ్యపురాలు డబ్బా పాలు తెప్పించి స్టవ్ పక్కన పెట్టేసింది.

అల్లుడు ఫోన్‌లో వెతికి ఈ మేడమ్‌ను బుక్ చేశాడు. ఇంటికి వస్తే 1,500 రూపాయలు. నాలుగింటికని చెప్పి అయిదు దాటాక వచ్చింది, ఒక్క ఫోన్ లేదు. స్టార్ తగ్గించింది అందుకే.

వచ్చాక మాత్రం తొందరపడలేదు. చేతులు కడుక్కుని పది నిమిషాలు ఊరికే చూసింది. మా బిడ్డ రొమ్మును పాప నోట్లోకి తోస్తోంది, పాపేమో చనుమొన ఒక్కటే పట్టుకుని నములుతోంది. పగుళ్లు అందుకేనట. కుట్ల మీద బరువు పడకుండా పాపను తల్లి చంక కింద, కాళ్లు వెనక్కి పోయేలా దిండు మీద పెట్టించింది. ముక్కు చనుమొనకు ఎదురుగా. పాప ఆవులించినంత నోరు తెరిచేదాకా ఆగమంది. తెరవగానే రొమ్మును కదపకుండా పాపనే దగ్గరికి తెచ్చింది. ముందు గడ్డం ఆనింది. రెండుసార్లు జారిపోయి మూడోసారికి కుదిరింది. ఏడుపు ఆగి గుటక చప్పుడు వినిపించింది. నాకు కళ్లనీళ్లొచ్చాయి, వియ్యపురాలికి కనబడకుండా వంటింట్లోకి పోయాను. రోజుకు ఆరుసార్లయినా ఉచ్చ పోస్తుంటే పాలు చాలుతున్నట్టేనని చెప్పింది.

"బాలింతకు నీళ్లెన్ని ఇస్తున్నారమ్మా?" అని అడిగితే మా బిడ్డ నా వైపు చూసింది. ఊళ్లో అందరికీ దాహమైనన్ని తాగమని చెప్పిన నేనే, కుట్లు చీము పడతాయని మా అమ్మ అనే మాట మనసులో పెట్టుకుని సగం గ్లాసే ఇస్తున్నాను. సిగ్గేసింది. వెల్లుల్లి కారం మాత్రం వద్దనలేదు.

వెళ్తూ వెళ్తూ పాలు పిండే ఎలక్ట్రిక్ పంపు కొనమని రెండుసార్లు అంది. కొనలేదు, అవసరమూ రాలేదు. వాట్సాప్‌లో అడిగితే జవాబు మర్నాటికి వస్తుంది.

పదమూడో రోజు తూకంలో పాప 2.85. డబ్బా సీల్ తీయలేదు. ఇప్పుడు మా బిడ్డకు జాకెట్లు తడిసిపోతున్నాయి. నిలోఫర్ ఆసుపత్రిలో 2017 నుంచి ధాత్రి తల్లిపాల బ్యాంకు ఉందని, అక్కడ నెలలు నిండని పిల్లలకు ఆ పాలు పడతారని మేడమే చెప్పింది. కుట్లు మానాక పాలు ఇవ్వడానికి వెళ్తానంటోంది మా బిడ్డ.

పిలిచేవాళ్లు పొద్దున పూట పిలవండి. సాయంత్రం ఈ మెట్రో పిల్లర్ల కింద ట్రాఫిక్ సంగతి తెలిసిందే కదా.