కిల్ట్ మీదికి ఏ టోపీ? బాల్మోరలా, గ్లెన్‌గ్యారీయా, ఉత్త తలా?

నాకు తమ్ముడు వరసయ్యే కుర్రాడొకడు స్కాట్లండ్‌లోని డండీలో చదువు ముగించి అక్కడే ఉద్యోగంలో చేరాడు. ఆఫీసులో స్నేహితుడి పెళ్ళికి కిల్ట్, అంటే స్కాట్లండ్ మగవాళ్ళు నడుముకి కట్టే గళ్ళ ఉన్ని బట్ట, కట్టుకుని రమ్మన్నారట. పోయిన వారం ఫోన్ చేసి, "అన్నా, కిల్ట్ అద్దెకి దొరికింది. టోపీలు రెండు రకాలు చూపిస్తున్నారు, ఏది తీసుకోను?" అని అడిగాడు. నేను గ్లాస్గో వచ్చి పదేళ్ళయింది. పెళ్ళిళ్ళకీ, కేలీ అనే ఇక్కడి జానపద డాన్సులకీ చాలాసార్లు కట్టాను. వాడికి ఫోన్లో చెప్పినదే ఇక్కడ కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

ముందు బాల్మోరల్. గుండ్రటి మెత్తటి ఉన్ని టోపీ. నడినెత్తిన చిన్న ఉన్ని బంతి ఉంటుంది, దాన్ని టూరీ అంటారు. వెనక రెండు నల్ల రిబ్బన్లు, ఎడమ కణత పైన రిబ్బను కుచ్చు, ఆ కుచ్చు మీద బ్యాడ్జి. స్కాట్లండ్ రైతులూ పశువుల కాపరులూ తరతరాలుగా పెట్టుకున్న నీలి బోనెట్ టోపీయే దీనికి మూలం. స్టూవర్ట్ రాజవంశానికి సింహాసనం తిరిగి తేవాలని జరిగిన 1745 తిరుగుబాటులో చార్లెస్ స్టూవర్ట్ పక్షాన లేచినవాళ్ళు ఆ బోనెట్‌కే తెల్ల రిబ్బను పువ్వు గుచ్చుకున్నారు. ఇప్పటి పేరు మాత్రం బాల్మోరల్ కోటది. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ 1852లో కొన్న ఎస్టేటు అది.

గ్లెన్‌గ్యారీ దారి వేరు. మన గాంధీ టోపీని కొంచెం ఎత్తు పెంచి, గట్టి ఉన్నితో కుట్టి, వెనక రిబ్బన్లు వేలాడదీస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మడిస్తే పలకలా చదునుగా అయిపోతుంది. 1794లో గ్లెన్‌గ్యారీ దొర మెక్‌డొనెల్ లేవదీసిన పటాలంతో దీని పుట్టుకని ముడిపెడతారు. తర్వాత 19వ శతాబ్దంలో బ్రిటిష్ సైన్యంలో చాలా పటాలాలు దీన్ని పెట్టుకున్నాయి. ఇవాళ్టికీ కవాతు దుస్తుల్లో రాయల్ రెజిమెంట్ ఆఫ్ స్కాట్లండ్ సైనికుల తలమీద ఇదే. ఆగస్టులో గ్లాస్గో గ్రీన్ మైదానంలో ప్రపంచ పైప్ బ్యాండ్ పోటీలు జరిగినప్పుడు చూస్తే, ఒక్కో బ్యాండు వరస కట్టి నిలబడగానే గ్లెన్‌గ్యారీలన్నీ ఒకే వాలులో కనిపిస్తాయి. చూడముచ్చటగా ఉంటుంది.

కిల్ట్‌కీ సైన్యానికీ ఇంత చుట్టరికం ఎందుకంటే, 1745 తిరుగుబాటు అణిగాక 1746లో తెచ్చిన చట్టం స్కాట్లండ్‌లో మగవాళ్ళు కిల్ట్ కట్టకూడదంది. సైన్యంలో చేరినవాళ్ళకి మాత్రం అడ్డులేదు. 1782లో చట్టం ఎత్తేసేదాకా ఈ కట్టుని బతికించినదాంట్లో పటాలాల వాటా పెద్దది. అందుకే గ్లెన్‌గ్యారీ పెట్టగానే మనిషి యూనిఫారంలో ఉన్నట్టు కనిపిస్తాడు. బ్యాండులో వాయించేవాడికి అదే అందం. మామూలు స్వెటరు మీద కిల్ట్ కట్టి వీధిలోకి వెళ్ళేవాడికి అది అతకదని నా అభిప్రాయం.

పెట్టుకోవడంలోనూ తేడా ఉంది. గ్లెన్‌గ్యారీ కొలత అచ్చంగా సరిపోవాలి. కుడివైపు వాలాలి, ముందంచు కనుబొమ్మ పైన రెండు వేళ్ళ ఎత్తులో ఆగాలి. అర అంగుళం వదులైతే గాలికి లేచిపోతుంది. బాల్మోరల్‌కి వెనక రిబ్బను లాగి ముడేస్తే తలకి తగ్గట్టు బిగుస్తుంది. పై గుడ్డని కుడి చెవి మీదికి లాగితే ఎడమవైపు బ్యాడ్జి నిలబడుతుంది. స్కాట్లండ్ వానలో గ్లెన్‌గ్యారీ కంటినీ కాయదు, చెవినీ కాయదు. బాల్మోరల్ కనీసం ఒక చెవినైనా కాస్తుంది. ఒక్క టోపీయే కొనాలంటే నా ఓటు ముదురు నీలం బాల్మోరల్‌కే.

ఇక బ్యాడ్జి, ఈక. ఇక్కడ మనవాళ్ళు తెలియక పొరపాటు చేస్తారు. టోపీలో గద్ద ఈక అలంకారం కాదు, హోదా. మూడు ఈకలు స్కాటిష్ వంశ (క్లాన్) పెద్దవి. రెండు ఆ కింది శాఖ నాయకుడివి. సొంత వంశలాంఛనం (కోట్ ఆఫ్ ఆర్మ్స్) అధికారికంగా పొందినవాడికి ఒకటి. మామూలు వంశస్థుడు ఈక లేకుండా, బెల్టూ బకిలూ చుట్టిన వంశ చిహ్నం మాత్రమే పెట్టుకుంటాడు. ఏ వంశానికీ చెందని మనం ఆ చిహ్నం కూడా పెట్టుకోకుండా ఉంటేనే మర్యాద. స్కాట్లండ్ జాతీయ పుష్పం తిసిల్ ఉన్న బ్యాడ్జి ఎవరైనా పెట్టుకోవచ్చు, దానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. ఎడింబరో రాయల్ మైల్ వీధి దుకాణాల్లో ఎర్ర జుట్టు అతికించిన గళ్ళ టోపీలు అమ్ముతారు. పెళ్ళికి పిలిచినవాళ్ళ ఇంటికి దయచేసి అది పెట్టుకెళ్ళకండి. వాళ్ళు ప్రేమగా కట్టుకునే బట్టని వెక్కిరించినట్టవుతుంది. తలపాగా సంగతి వేరు. గ్లాస్గో సిక్కులు కిల్ట్ మీద తలపాగా కట్టుకుని పెళ్ళిళ్ళకి వస్తారు, ఎంతో హుందాగా ఉంటుంది.

ఇంతకీ పెళ్ళికి ఏది మేలంటే, ఏదీ వద్దు. చర్చిలోకి వెళ్ళగానే టోపీ తీయాలి, భోజనాల దగ్గర తీయాలి, ఆ తర్వాత కేలీలో ఎగురుతూ తలమీద ఉంచుకోలేం. ఇప్పటి స్కాటిష్ పెళ్ళిళ్ళలో కిల్ట్ కట్టిన మగవాళ్ళలో ఎక్కువమంది ఉత్త తలతోనే వస్తారు. టోపీకి పెట్టే డబ్బు మోకాలి కింద పెట్టండి.

మోకాలి కింద అంటే మేజోళ్ళు. మొదటిసారి నాకు అద్దె కొట్టువాళ్ళు తెల్లటి పల్చని మేజోళ్ళు ఇచ్చారు. డాన్సు మొదలైన పది నిమిషాలకి మడమల మీదికి జారిపోయాయి. ఆ రాత్రంతా వంగి లాక్కుంటూనే ఉన్నాను. మరుసటి వారమే మందపాటి ఉన్నివి కొన్నాను. బూడిదరంగో ముదురు ఆకుపచ్చో అయితే తెల్లవాటికంటే ఎంతో నిండుగా ఉంటాయి. మోకాలి చిప్పకి మూడు వేళ్ళ కింద మడత వెయ్యాలి. ఆ మడత లోపల గార్టరు పట్టీ బిగించి, రంగు గుడ్డ తోకలు రెండూ బయటికి కనిపించేలా వదలాలి.

కిల్ట్‌కి జేబులుండవు. పంచె కట్టిన మన పెద్దవాళ్ళు డబ్బులు రొంటిన దోపుకున్నట్టు, వీళ్ళకి ముందు వేలాడే స్పోరన్ సంచి ఉంది. పగటికి సాదా తోలుది, రాత్రి విందుకి బొచ్చు ముఖం మీద లోహపు అంచున్నది. ఒక్కటే కొనాలంటే తోలుదే. బొచ్చువాటిలో సీల్ అనే సముద్ర జంతువు చర్మంతో చేసిన పాతవి ఇంకా చేతులు మారుతుంటాయి. 1972 నాటి అమెరికా చట్టం వల్ల అలాంటి స్పోరన్‌ని అక్కడికి తీసుకెళ్ళకూడదు. అమెరికాలో చుట్టాలున్నవాళ్ళు గుర్తుంచుకోండి. డాన్సులో గొలుసుని పక్కకి తిప్పి స్పోరన్‌ని తుంటి మీదికి జరుపుకోవాలి.

నడుముకి వెడల్పాటి బెల్టు పెడితే వెయిస్ట్‌కోటు వద్దు, వెయిస్ట్‌కోటు వేస్తే బెల్టు వద్దు. రెండూ కలిస్తే పొట్ట దగ్గర బకిలు ఎత్తుకొస్తుంది. కిల్ట్ ముందు భాగానికి పెట్టే పిన్నుని పైపొరకే గుచ్చాలి. రెండు పొరలూ కలిపి గుచ్చితే కూర్చోగానే గుడ్డ చిరుగుతుంది. ఎనిమిది గజాల ఉన్నితో కుట్టి, వెనక అన్ని కుచ్చిళ్ళు పెట్టిన బట్ట అది. జాగ్రత్తగా చూసుకోవాలి.

మేజోడులో దోపే చిన్న కత్తిని స్కీన్ డూ అంటారు. కుడిచేతి వాటం వాళ్ళకి కుడికాలు. పిడి పైభాగం మాత్రమే బయటికి కనిపించాలి. జాతీయ దుస్తుల్లో భాగంగా పెట్టుకోవడానికి స్కాట్లండ్ చట్టం ఒప్పుకుంటుంది. విమానంలో అయితే కిందికి వేసే సామానులో పెట్టాలి. మనకి అలవాటు లేకపోతే మానేసినా లోటేమీ లేదు.

మా వాడు చివరికి టోపీ వద్దనుకుని బూడిదరంగు ఉన్ని మేజోళ్ళు కొన్నాడు. సెప్టెంబరు మొదటి శనివారం బ్రేమార్ ఊళ్ళో జరిగే సంప్రదాయ ఆటల పోటీలకి ఇద్దరం కిల్టులే కట్టుకుని వెళ్తున్నాం. ఆ రోజంతా ఆరుబయటే కాబట్టి నా పాత బాల్మోరల్ వాడికిస్తాను. దానికి తిసిల్ బ్యాడ్జి ఒకటి కొని ఉంచాను.